మేము ఒలింపిక్స్ పడవలు చూసిన పొద్దున

మా వీధిలో ఆటలంటే క్రికెట్టే. ఒలింపిక్స్ నాలుగేళ్ళకొకసారి వస్తాయని, మనవాళ్ళు ఒకటో రెండో పతకాలు తెస్తే పేపర్లో ఫొటో పడుతుందని మాత్రమే తెలుసు. వాటి ప్రారంభ వేడుకను కూర్చుని చూసిన ఇల్లు మా గద్వాల నేతగాళ్ళ వీధిలో ఒక్కటీ ఉండి ఉండదు. ఆటలు పడవల మీద మొదలైన ఆ ఏడాది మాత్రం నేను పక్కింటి పెద్దనాయన మగ్గం దగ్గర కూర్చుని ఆ వేడుక చూశాను. చూసి ఊరుకుని ఉంటే బాగుండేది.

పెద్దనాయన అని పిలుస్తానే గాని ఆయన మాకు చుట్టం కాదు. ఆయనా మా నాన్నా ఒకే గోడకు అటొకరు ఇటొకరు మగ్గాలు వేసుకుని ఏళ్ళ తరబడి నేశారు. మా నాన్న పోయాక మా మగ్గం తీసేశాం. గోడ అవతలి చప్పుడు మాత్రం ఆగలేదు. ఆ చప్పుడు వింటూ చదువుకున్నాను, డిగ్రీ పూర్తి చేశాను, ఊళ్ళోనే ఒక చీరల దుకాణంలో పనికి చేరాను. నా పని చీరలు అమ్మడం కాదు, వాటిని వీడియోలు తీసి ఫోన్లలో జనానికి చూపించడం. మగ్గం మీద నేత సాగుతున్న వీడియోలంటే చూసేవాళ్ళకు ఇష్టం. అందుకని వారానికొకసారైనా పెద్దనాయన ఇంటికి వెళ్ళేదాన్ని. ఆయన నేసేదీ మా దుకాణానికే. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ కలిపే చోట ఆయన చెయ్యి ఎంత సన్నగా పనిచేసేదో, ఎన్నిసార్లు తీసినా నా ఫోన్‌కు పూర్తిగా చిక్కలేదు.

ఆ శనివారం పొద్దున వాన పడుతోంది. కృష్ణ మీది జూరాల డ్యాం గేట్లు ఎత్తారని వీధిలో అనుకుంటున్నారు. వానలు గట్టిగా పడితే మగ్గం గుంతలో నీళ్ళు ఊరతాయి, నేత ఆగిపోతుంది. నేను వెళ్ళేసరికి పెద్దనాయన గుంత అంచున కాళ్ళు వేలాడేసి ఊరికే కూర్చున్నాడు. వెనకాల పెద్దమ్మ రాట్నం ముందేసుకుని కండెలు చుడుతోంది.

"నేత లేదు బిడ్డ. ఏం తీస్తవ్ ఇయ్యాల?" అన్నాడాయన.

"తియ్యకుంటె ఏమాయె. ఇయ్యాల నేనే మీకు చూపిస్త. రాత్రి ఒలింపిక్స్ మొదలైనయి. నది మీద చేసిండ్రంట," అన్నాను.

ఫోన్‌ను మగ్గం గుంజకు ఆనించి పెట్టాను. ఇద్దరూ ముందుకు వంగారు.

మొదటి పడవ వంతెన కిందినుంచి వచ్చింది. జనం జెండాలు ఊపుతున్నారు. అక్కడా వానే.

"అయ్యో, అంత పెద్ద పండుగ వెట్టుకొని వానకు ఒక షామియానా ఏసుకోరాదా?" అంది పెద్దమ్మ.

"నది మీద షామియానా ఎట్లేస్తరే?"

"ఏసుకుంటె ఏసుకుంటరు. అన్ని కోట్లు వెట్టినోళ్ళకు గుంజలు దొరకయా?"

ఒక చిన్న దేశం పడవ వచ్చింది. నలుగురో ఐదుగురో ఉన్నారు. పెద్దమ్మ రాట్నం ఆపేసింది.

"గింతేనా? ఆ దేశంల ఇంకెవ్వరు లేరా? పాపం, ఇండ్లకు తాళాలేసుకొని అందరు వచ్చినట్టుంది."

మొహం కప్పుకున్న మనిషి ఒకడు ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తుతుంటే వాడు దొంగేమోనని అడిగింది. నది మీద వెండిగుర్రం పోతుంటే దండం పెట్టింది. పెద్దనాయన పెద్దగా మాట్లాడలేదు గాని, పడవల వరస చూసి, "బీచుపల్లి కాడ కిష్ట నిండుగ పారినప్పుడు పుట్టిలేసుకొని ఇట్ల పోతె మనం గూడ మంచిగనే కనిపిస్తుంటిమి," అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ గంట నాకు బాగా గుర్తుంది. చినుకులు రేకుల మీద పడుతున్నాయి, నూలు వాసన, పెద్దమ్మ పెట్టిన చాయ్. నేను ఫోన్‌ను గుంజకు ఆనించి వాళ్ళకు చూపిస్తూ, దుకాణం వాళ్ళిచ్చిన రెండో ఫోన్‌తో వాళ్ళిద్దరినీ తీస్తున్నాను. తీస్తున్నానని వాళ్ళకు చెప్పలేదు. నా చేతిలో ఫోన్ ఉండటం ఆ ఇంట్లో కొత్త కాదు.

మన పడవ వచ్చింది. వేరే దేశం వాళ్ళతో కలిపి ఎక్కించారు.

"మనకు సొంత పడవ ఇయ్యలేదా? ఆటోల షేరింగు కూసున్నట్టు," అంది పెద్దమ్మ.

పెద్దనాయన మాత్రం లేచి నిలబడ్డాడు. ఒక ఆడపిల్ల జెండా పట్టుకుని ముందు నిలబడి ఉంది. ఆయన రెండు చేతులూ జోడించి, జెండా తెరమీద ఉన్నంతసేపూ అలాగే ఉన్నాడు. తర్వాత కూర్చుని, "ఆపు జర బిడ్డ. బొమ్మ పెద్దగ చెయ్యి," అన్నాడు.

ఆడపిల్లలందరికీ చీరలు కట్టించారు. తెల్లచీర, అంచుల మీద మూడు రంగులు. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఫోన్‌కు మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు.

"గిది నేసింది గాదు బిడ్డ. నాకైతె ప్రింటోలె కొడుతుంది. నేత డిజైను తీసుకొని గుడ్డ మీద అచ్చు గొట్టిండ్రు. ఇంత దేశంల ఒక్క మగ్గం దొరకలేదా వీళ్ళకు?"

గొంతులో కోపం లేదు. బాధ అనడానికీ లేదు. నేతలో ఒక పోగు తెగితే ఎలా చెబుతాడో అలా చెప్పాడు. ఆయన మాట అయిపోగానే వెనకనుంచి పెద్దమ్మ అంది:

"నేను కట్టింది గూడ ప్రింటే గద! నన్ను గూడ అంటవా?"

ఆయన వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. "నిన్నేమంటనే. నేను నేసింది నీకు ఎన్నడన్న కట్టనిస్తినా? తప్పు నాది గాదా?" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. మళ్ళీ తెరవైపు తిరిగి, "పోనీ తియ్. ఆ పిల్లలదేం తప్పు. ఏదిస్తె అది కట్టుకుంటరు. ఎన్నేండ్లు కష్టపడి ఆడిదాంక పోయిండ్రో ఏమో. వానల తడుసుకుంట గూడ ఎట్ల నవ్వుతుండ్రో సూడు. మంచిగ ఆడి రాని," అన్నాడు.

ఇదంతా నా ఫోన్‌లోకి ఎక్కింది.

ఇంటికొచ్చి చూసుకున్నాను. చాలా పొడుగుంది. ఆ వారం మా దుకాణం వీడియోలు పెద్దగా ఎవరూ చూడటం లేదని సేటు రెండుసార్లు అన్నాడు. ఆ చీరల గురించి అప్పటికే ఫోన్లలో అందరూ వాదులాడుకుంటున్నారు. ఒక నేతగాడు, అదీ మగ్గం పక్కన కూర్చుని చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఆపు జర" దగ్గర మొదలుపెట్టి "ఒక్క మగ్గం దొరకలేదా వీళ్ళకు" దగ్గర కోసేశాను. ఆయన దండం పెట్టింది ముందు పోయింది. నవ్వుకున్నది వెనక పోయింది. పైన పెద్ద అక్షరాలతో 'గద్వాల నేతన్న ఆగ్రహం' అని రాశాను. ఆ రాసిన క్షణంలో కూడా ఆయనకు ఆగ్రహం రాలేదని నాకు తెలుసు. ఇంకో మాట తట్టలేదు, అంతే. తట్టాలని నేను ప్రయత్నించనూ లేదు.

సాయంత్రం ఆయనకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "తర్వాత మాట్లాడింది ఏదీ?" అన్నాడు.

"అది పొడుగైతది పెద్దనాయనా. అంతసేపు ఎవ్వరు చూడరు."

"గట్లనా," అని ఊరుకున్నాడు. తనకు తెలియని పని గురించి తెలిసినవాళ్ళతో వాదించే అలవాటు ఆయనకు లేదు. నన్ను తెలిసినదాన్ని అనుకున్నాడు.

ఆ రాత్రే దాన్ని దుకాణం పేజీలో పెట్టాను. ఆదివారం సాయంత్రానికి అది ఎక్కడెక్కడికో పోయింది. నేనెన్నడూ పేరు వినని ఊళ్ళవాళ్ళు ఆయనకు దండాలు పెడుతున్నారు. 'నిజం చెప్పావు తాతా' అని రాస్తున్నారు. సేటు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. నేను అన్నం తింటూ కూడా ఫోన్ చూసుకున్నాను. అలా నా పని ఎవరికైనా కనబడటం అదే మొదటిసారి. ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు, సంతోషపడ్డాను.

సోమవారం గాలి మారింది. ఆడటానికి పోయిన పిల్లల్ని చీరల పేరు మీద తిడతావా, దేశం పరువు తీస్తావా అని కొందరు మొదలుపెట్టారు. ఆయన పిల్లల్ని ఒక్క మాటా అనలేదు. వాళ్ళను మెచ్చుకున్న మాటలు నా దగ్గర, నా ఫోన్‌లో ఉన్నాయి. తర్వాత ఎవరో ఆ వీడియోను ఒకచోట ఆపి, వెనకాల కూర్చున్న పెద్దమ్మ చుట్టూ ఎర్రగీత గీసి పెట్టారు. ఆకుపచ్చ నైలాన్ చీర, దాని మీద పెద్ద పెద్ద పసుపు పూలు. కింద ఏం రాశారో అన్నీ చెప్పను. ముందు పెళ్ళానికి నేసిన చీర కట్టించు, తర్వాత దేశానికి చెబుదువు గాని అన్నది వాటిలో మర్యాదగా ఉన్న మాట. ఆమె చీర మీద, ఒంటి మీద, కూర్చున్న తీరు మీద జోకులు. నవ్వే బొమ్మలు వరసగా.

ఆమె అదే మాట తనమీద తానే వేసుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వును నేను కోసి పారేశాను. నేను ఉంచిన భాగంలో ఆమె మిగిలింది, ఆమె మాట మిగల్లేదు.

నేను అప్పటికైనా తీసేసి ఉండాల్సింది. సేటును అడిగితే, "రెండు రోజులైతె వాళ్ళే మరిచిపోతరు, ఉండని," అన్నాడు. నేనూ అదే నమ్మదలచుకున్నాను. బుధవారం ఒక చానెల్ వాళ్ళు మైకు పట్టుకుని మా వీధికొచ్చారు. పెద్దనాయన ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పోయినసారి వదిలిపెట్టిన మాటలు ఈసారి చెప్పుకోవచ్చని ఆయన ఆశ. గోడపక్కన నిలబడి చూస్తున్న నాకు ఆ సంగతి ఆయన మొహంలో కనబడింది.

మైకు పట్టుకున్నతను మొదటి ప్రశ్నే అడిగాడు: "ఇన్నేళ్ళుగా నేస్తున్నారు కదా, మీ భార్యకు ఒక్క చీరన్నా ఎందుకు నేసివ్వలేదు?"

ఆయన నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ వైపు చూశాడు. కెమెరా కూడా అటు తిరిగింది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు నాకు వినబడింది. ఆయన అరుగు మీదనుంచి లేచి ఆ తలుపు దగ్గరికి పోయాడు. నేను మధ్యలోకి వెళ్ళి ఏదో ఒకటి అని ఉండవచ్చు. ఇది నేను చేసిన పని, ఆమెను అడగకుండా చేశాను అని ఉండవచ్చు. నిలబడ్డాను, అంతే.

ఆ సాయంత్రం వీడియో తీసేశాను. సేటు కోప్పడ్డాడు. తీసేసినా ఏం లాభం లేకపోయింది, అప్పటికే అది ఎంతమంది దగ్గరికో చేరింది. పూర్తి వీడియో పెట్టాను, ఆయన దండం పెట్టింది, ఇద్దరూ నవ్వుకున్నది, పిల్లల్ని దీవించింది అన్నీ ఉన్నది. మా వీధివాళ్ళు, నా స్నేహితురాళ్ళు కొందరు చూశారు. వాళ్ళను దాటి పోలేదు.

తర్వాతి నెల వనపర్తిలో పెద్దమ్మ తమ్ముడి మనవరాలి పెళ్ళి. ఏ పెళ్ళికైనా రెండు రోజుల ముందు పోయి పిండివంటల దగ్గర కూర్చునే మనిషి ఆమె. ఈసారి ముహూర్తం నాటి పొద్దున పోయి మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. ఏం జరిగిందో పెద్దనాయన నాకు పెరటి గోడ మీదుగా చెప్పాడు.

"పందిట్ల పిల్లలు ఫోన్ తీసి సూస్కుంట, 'ఈ అవ్వనే, ఈ అవ్వనే' అన్నరంట. ఇంకొకామె మంచిగనే పలకరిచ్చిందంట, 'అక్కా, ఫోన్ల వచ్చినవంట గద' అని. మీ పెద్దమ్మ బువ్వ గూడ తినకుంట బస్సెక్కింది."

"ఆమె ఏమన్నది నన్ను?" అని అడిగాను.

"నిన్నేమంటది. నీ మాటే ఎత్తదు," అన్నాడు.

తిట్టినా బాగుండేదనిపించింది. మరుసటి రోజు నేనొక పని చేశాను. తెలివైన పని అనుకున్నాను. దుకాణంలో పెద్దనాయన చేత్తో నేసిన చీర ఒకటి ఉంది, వంకాయ రంగు నూలు, పసుపు అంచు. అది నా జీతం మీద కొని వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. చీర ఆమె పక్కన పెట్టి, "నీకే పెద్దమ్మా. పెద్దనాయన నేసిందే," అన్నాను.

ఆమె చేట కింద పెట్టి చీరను చూసింది. ముట్టుకుంది కూడా. అంచును వేళ్ళ మధ్య పెట్టి ఒకసారి నలిపింది. ఆ అంచుకు కండెలు చుట్టింది ఆమే.

"ఇది నేను ఇప్పుడు కట్టుకుంటె ఎట్లుంటది చెప్పు? వాళ్ళు అన్నరని కట్టుకున్నట్టుంటది. నా నైలాన్ చీర మంచిగనే ఉండె. ఉతికితె జల్ది ఆరుతుండె. నాకు దాంతోని ఏం బాధ లేకుండె. గిప్పుడు అది గూడ కట్టబుద్ధయితలేదు."

"తప్పయింది పెద్దమ్మా."

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు చెడ్డదానివి గావు. నాకు తెల్వదా? కని నన్ను ఒక్క మాట అడగకపోతివి. మీ పెద్దనాయనకన్న ఒకసారి సూపిచ్చినవ్. నేను ఆడ కూసున్నట్టె నీకు కనపడలేదు."

అదే నిజం. కోసేటప్పుడు ఆయన మొహం వెలుతురులో పడిందా, మాట స్పష్టంగా వచ్చిందా అని ఎన్నోసార్లు చూసుకున్నాను. ఆమె తెరమీద మొదటినుంచి చివరిదాకా ఉంది. ఒక్కసారీ ఆమె వైపు చూడలేదు. నేను అబద్ధం చెప్పలేదు, ఆయన అన్న మాటే పెట్టాను అని అప్పటిదాకా నన్ను నేను కాపాడుకుంటూ వచ్చాను. ఆ మాట ఆ రోజుతో పనికిరాకుండా పోయింది. చీర మడిచి తిరిగి పట్టుకొచ్చాను.

చలికాలం వచ్చేసరికి పెద్దనాయనకు చూపు మందగించింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు గాని పట్టు పోగు కనబడేంత చూపు తిరిగి రాలేదు. నాగర్‌కర్నూల్‌లో ఉన్న వాళ్ళ బిడ్డ వచ్చి, ఇంక ఇక్కడెందుకని ఇద్దరినీ తీసుకుపోయింది. మగ్గం విప్పి కట్టెలు అటక మీద పెట్టారు. గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. పోయే రోజున ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ ఆటోలో అప్పటికే కూర్చుంది. పోయొస్తానని వీధిలో అందరికీ చెప్పింది, నాకూ చెప్పింది, అందరికీ చెప్పినట్టే.

దుకాణంలో పని మానలేదు. మానేశానని రాసుకోగలిగితే బాగుండేది, మా ఇల్లు దాని మీదే గడుస్తోంది. ఇప్పుడు ఎవరిని తీసినా ముందు అడుగుతాను, పెట్టేముందు చూపిస్తాను. వెనకాల కూర్చున్నవాళ్ళను కూడా అడుగుతాను. సేటు విసుక్కుంటాడు. ఈ జాగ్రత్త ఎవరికి పనికొచ్చినా పెద్దమ్మకు పనికిరాదు.

పోయిన వేసవిలో నాగర్‌కర్నూల్ వెళ్ళాను. వాళ్ళ బిడ్డ ఇల్లు బస్టాండుకు దగ్గరే. పెద్దనాయన నా గొంతు గుర్తుపట్టి చెయ్యి చాపాడు. వీధిలో ఎవరెవరు ఇంకా నేస్తున్నారో పేరుపేరునా అడిగాడు. పెద్దమ్మ లోపలినుంచి నీళ్ళు తెచ్చింది. సాదా నేత చీర కట్టుకుని ఉంది, పూలు లేవు, అంచు లేదు. ఇప్పుడు అలాంటివే కడుతుందని వాళ్ళ బిడ్డ వంటింట్లో నాతో అంది.

"కూసోండ్రి. చాయ్ పెడ్త," అంది పెద్దమ్మ.

కూసోండ్రి అంది. చిన్నప్పటినుంచీ నన్ను ఒసే, బిడ్డా అని తప్ప పిలవని మనిషి. చాయ్ ఇచ్చింది, మా అమ్మ ఆరోగ్యం అడిగింది, ఎండలు ఎక్కువున్నాయంది. ఏ మర్యాదకూ లోటు చెయ్యలేదు. నేను వాళ్ళింటికి మొదటిసారి వచ్చిన చుట్టాన్ని అయినట్టు మాట్లాడింది. అరగంట కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టినా మాట ఆ పొద్దుటి దగ్గరికే పోతుందని నాకు భయం, బహుశా ఆమెకూ.

లేచి వెళ్ళొస్తానన్నాను. గేటు దాకా వచ్చింది.

"మళ్ళ వస్తరా?" అంది.

"వస్త పెద్దమ్మా. రావద్దంటె రాను."

"రావద్దని ఎందుకంట," అంది ఆమె. "ఆయన మీ మాట తలుచుకుంటుంటడు. ఆయన కోసమన్న రాండ్రి."

గద్వాల బస్సు వచ్చేదాకా బస్టాండులో నిలబడ్డాను. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. ఆమె ఇంకా మీరు అనే అంటోంది.